యానిమేషన్ చదువుకు ముందు దేశమా, బొమ్మలా?

ప్రశ్న: నేను హనుమకొండలో బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతున్నాను. చిన్నప్పటి నుంచి బొమ్మలు వేయడం అలవాటు. రెండేళ్లుగా ఇంట్లోనే వీడియోలు చూసి బ్లెండర్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నాను. విదేశంలో యానిమేషన్ చదవాలని నిశ్చయించుకున్నాను. వాంకూవర్‌లోని ఒక ప్రైవేటు కళాశాలలో ఏడాది డిప్లొమా చేస్తే మూడేళ్ల వర్క్ పర్మిట్ వస్తుందని, మొత్తం 35 లక్షలు అవుతుందని, సీటు కోసం ఈ నెలాఖరులోగా లక్షన్నర కట్టాలని ఒక కన్సల్టెన్సీ వారు చెబుతున్నారు. డాలస్‌లో ఉన్న మా అన్నయ్య అమెరికాకే రమ్మంటున్నాడు. నాకేమో జపాన్ మీద కూడా ఆశ ఉంది. నాన్నగారు ప్రభుత్వ ఉపాధ్యాయులు. అవసరమైతే ఉన్న 200 గజాల స్థలం అమ్ముతానంటున్నారు. ఇంజినీరింగ్ చదివి బొమ్మలు వేసుకోవడమేమిటని అమ్మ బెంగ పెట్టుకుంది. నేను ఏ దేశం వెళ్లాలి? ఇంత ఖర్చు పెట్టడం సబబేనా?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: మీ ఉత్తరంలో గడువు ఉన్న విషయం ఒక్కటే కనుక ముందు దానికి జవాబు చెబుతాను. ఆ లక్షన్నర కట్టకండి. కెనడాలో చదువు ముగిశాక ఇచ్చే వర్క్ పర్మిట్ ఎంతకాలం ఉండాలన్నది చదివిన కోర్సు నిడివిని బట్టి నిర్ణయమవుతుంది. ఎనిమిది నెలలు దాటి రెండేళ్లలోపు ముగిసే డిప్లొమాకు, ఆ డిప్లొమా ఎంతకాలం సాగిందో సుమారుగా అంతకాలానికే పర్మిట్ ఇస్తారు. మూడేళ్ల పర్మిట్ రావాలంటే కనీసం రెండేళ్ల కోర్సు గానీ, మాస్టర్స్ డిగ్రీ గానీ చేసి ఉండాలి. అంటే ఏడాది డిప్లొమాకు మూడేళ్లన్న మాట మొదటి మెట్టులోనే తప్పు. రెండో మెట్టు ఇంకా ముఖ్యమైనది: వృత్తి శిక్షణ ఇచ్చే ప్రైవేటు కళాశాలల్లో చాలావాటికి విదేశీ విద్యార్థులను చేర్చుకునే అనుమతి ఉంటుంది గానీ, అక్కడ చదివినవారికి వర్క్ పర్మిట్ పొందే అర్హత ఉండదు. ఈ రెండు అనుమతులూ వేర్వేరన్న సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు, తెలిసినవారు చాలాసార్లు చెప్పరు. మూడోది, 2024 నవంబర్ 1 నుంచి స్టడీ పర్మిట్‌కు దరఖాస్తు చేసినవారు డిగ్రీ కాని కోర్సు చదివితే, ఆ కోర్సు కోడ్ కెనడా ప్రభుత్వం ప్రకటించిన రంగాల జాబితాలో ఉంటేనే పర్మిట్ ఇస్తారు. బ్యాచిలర్స్, మాస్టర్స్ డిగ్రీలకు ఈ జాబితాతో పని లేదు. మీ కన్సల్టెన్సీ వారిని రెండే రెండు అడగండి. ఆ కళాశాలలో చదివినవారికి చదువు తర్వాతి వర్క్ పర్మిట్ అర్హత ఉన్నదా, ఆ కోర్సు కోడ్ ఎంత? జవాబు నోటిమాటగా కాక రాతపూర్వకంగా ఇమ్మనండి. ఆ తర్వాత కెనడా వలస శాఖ వెబ్‌సైట్‌లో కళాశాల పేరును మీరే స్వయంగా వెతికి చూడండి. అది పది నిమిషాల పని.

ఇక అసలు విషయానికి వస్తాను. ఏ దేశమని మీరు అడిగారు, నిజానికి అది మూడో ప్రశ్న. యానిమేషన్‌లో ఏ పని చేయాలనుకుంటున్నారన్నది మొదటిది, ఆ పనికి తగిన బొమ్మలు మీ చేతిలో ఉన్నాయా అన్నది రెండోది. యానిమేషన్ అనే ఒక్క మాట కింద కనీసం పది వృత్తులు ఉన్నాయి. కథను చిన్న చిన్న చిత్రాలుగా పేర్చే స్టోరీబోర్డు కళాకారుడికీ, పాత్రను నడిపించి నటింపజేసే యానిమేటర్‌కూ, పాత్ర లోపల ఎముకల గూడు అమర్చే రిగ్గింగ్ నిపుణుడికీ, నీరు, పొగ, మంటలను లెక్కలతో పుట్టించే ఎఫెక్ట్స్ నిపుణుడికీ చదువులు వేరు, చూపించవలసిన పని వేరు. మీరు కంప్యూటర్ సైన్స్ చదువుతున్నారు, బొమ్మలూ వేస్తారు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండడం ఈ రంగంలో అరుదు. స్టూడియోలలో టెక్నికల్ డైరెక్టర్లు అనబడే ఒక వర్గం ఉంటుంది. పేరులో డైరెక్టర్ ఉన్నా వారు దర్శకులు కారు. కళాకారులకు కావలసిన పనిముట్లు తయారు చేసేవారు, రిగ్గులు కట్టేవారు, ఒక విభాగం నుంచి మరో విభాగానికి పని సాఫీగా వెళ్లే దారి వేసేవారు వారే. మాయా, హుడిని, బ్లెండర్ అనే మూడు యానిమేషన్ సాఫ్ట్‌వేర్లలోనూ పైథాన్ భాషలో ప్రోగ్రాములు రాయవచ్చు కనుక మీ ఇంజినీరింగ్ అక్కడ తిన్నగా పనికి వస్తుంది. ఇంజినీరింగ్ వృథా అవుతుందని బెంగపడుతున్న మీ అమ్మగారికి చెప్పవలసిన మాట కూడా ఇదే.

మీరు ఈ దారిలో వెళ్లి తీరాలని నేను పట్టుబట్టను. పాత్రలను నటింపజేయడమే మీ కోరిక అయితే అది వేరే సాధన. కానీ ఒక హెచ్చరిక చేయక తప్పదు. ఒక స్టూడియోలో కొత్తవారి షోరీల్స్, అంటే తమ పనిలోంచి ఏరి కూర్చిన చిన్న వీడియోలు, చూసి వడగట్టే పని కొన్నేళ్లు నా మీద ఉండేది. నిమిషంన్నర నిడివి ఉన్న రీల్‌లో మొదటి పది సెకన్లు చూసేసరికి నిర్ణయం దాదాపు అయిపోయేది. ఆ పది సెకన్లలో మాకు కనిపించే లోపం ఎప్పుడూ సాఫ్ట్‌వేర్‌ది కాదు. పాత్ర నడుస్తుంటే బరువు నేల మీద పడకపోవడం, చెయ్యి ఎత్తుతుంటే భుజం కదలకపోవడం, తల తిప్పేముందు కళ్లు తిరగకపోవడం వంటి లోపాలే. సెకనుకు 24 ఫ్రేములు నడిచే ఈ పనిలో, మనిషి నడకను నిజంగా గమనించనివారి అబద్ధం చాలా త్వరగా బయటపడుతుంది. సాఫ్ట్‌వేర్ గొప్పతనం మీద మన ఊళ్ల శిక్షణ సంస్థలు ఎంత ప్రచారం చేసుకున్నా, 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకున్న లాత్వియా చిత్రం ఫ్లో తయారైంది మీరు ఉచితంగా దించుకున్న ఆ బ్లెండర్‌లోనే.

కనుక రేపటి నుంచే చేయవలసింది చూసి బొమ్మ వేయడం. ఫొటో చూసి కాదు, కదులుతున్న మనిషిని చూసి. మీకు కాజీపేట జంక్షన్ దగ్గరలోనే ఉంది. ప్లాట్‌ఫారం మీద ఒక గంట కూర్చుంటే మూట ఎత్తేవారు, పిల్లను చంకన వేసుకుని పరుగెత్తేవారు, బెంచీ మీద కునికిపాట్లు పడేవారు అందరూ దొరుకుతారు. ఒక్కొక్కరిని ముప్పై సెకన్లలో, ఒకటి రెండు గీతల్లో పట్టుకోవడానికి ప్రయత్నించండి. చేతులు, పాదాలు, మేకలు, గేదెలు, లోతు తెలిసేలా మీ ఇంటి వంటగది గీయండి. ఎదుట ఉన్నదాన్ని చూసి వేయగలరా లేదా అన్నదే పోర్ట్‌ఫోలియో, అంటే మీ బొమ్మల సంపుటి, అడిగే విశ్వవిద్యాలయాలు ప్రధానంగా పరిశీలిస్తాయి. తమకు నచ్చిన జపాన్ కార్టూన్ పాత్రలను యథాతథంగా తిరిగి వేసి పంపేవారు ప్రతి ఏడాదీ వేలల్లో ఉంటారు. ఆ బొమ్మలు ఎంత చక్కగా ఉన్నా, గీసినవారి చూపు ఎలాంటిదో వాటిలో తెలియదు.

ఈ సందర్భంలో ఒక పక్క మాట. మీ పాత వరంగల్ జిల్లాలోనిదే, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాల. అక్కడి నకాషీ చిత్రకారులు కులపురాణాలను గజాల పొడవున్న గుడ్డ మీద అరలు అరలుగా గీస్తే, కథకుడు దాన్ని విప్పుకుంటూ కథ చెప్పేవాడు. ఏ అరలో ఏ సంఘటన రావాలి, ఎవరు ఎంత పెద్దగా కనిపించాలి అన్న ఆ ఆలోచనకు ఇవాళ్టి స్టోరీబోర్డు ఆలోచన దగ్గరి చుట్టం. ఒకసారి వెళ్లి వారి పక్కన కూర్చుని చూడమంటాను. అయితే విదేశీ ఎంపిక సంఘం ముచ్చటపడుతుందని ఆ ఎర్రటి నేపథ్యాన్ని మీ బొమ్మల వెనుక అతికించకండి. తెలిసి వాడినదీ అలంకారానికి వాడినదీ వారు ఇట్టే పోల్చుకుంటారు.

దేశం ఎంచుకునే విషయంలో మాత్రం నేను ఒక్కదాన్నే కొలతగా తీసుకుంటాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలా ఇది ఏళ్ల తరబడి ఒకే సంస్థలో సాగే పని కాదు. ఒక సినిమాకో, ఒక సీరీస్‌కో నాలుగు నెలలకో ఎనిమిది నెలలకో ఒప్పందం రాసుకుంటారు. ఆ పని ముగిసిన రోజున ఉద్యోగమూ ముగుస్తుంది. తర్వాతి పిలుపు వచ్చేదాకా ఖాళీ. నైపుణ్యం ఉన్నవారికీ ఈ ఖాళీలు తప్పవు, పేరున్న స్టూడియో అన్న ధీమా కూడా పూర్తిగా నిలవదు. హైదరాబాద్‌లో కూడా శాఖ ఉన్న రిథమ్ అండ్ హ్యూస్ సంస్థ 2013 ఫిబ్రవరిలో దివాలా దరఖాస్తు చేసుకుంది. అదే నెలలో ఆ సంస్థ చేసిన విజువల్ ఎఫెక్ట్స్‌కు ఆస్కార్ వచ్చింది. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ అనే విజువల్ ఎఫెక్ట్స్ సంస్థ కుప్పకూలినప్పుడు లండన్‌తో పాటు బెంగళూరులోనూ కళాకారులు రోజుల వ్యవధిలో రోడ్డున పడ్డారు. అందుచేత చదువు ముగిశాక ఒక దేశం ఇచ్చే అనుమతి, ఉద్యోగాల మధ్య వచ్చే ఖాళీని ఎంతవరకు సహిస్తుందో మీరు ముందుగా చూసుకోవాలి. కళాశాల ర్యాంకు కంటే ఇది మీ జీవితాన్ని ఎక్కువగా శాసిస్తుంది.

ఆ కొలతతో చూస్తే మీ అన్నయ్య చెబుతున్న అమెరికా కొంచెం కఠినమైన చోటు. ఎఫ్-1 అనే విద్యార్థి వీసాపై చదివినవారికి చదువు తర్వాత ఓపీటీ అనే పని అనుమతి కింద 12 నెలలు పనిచేసే అవకాశం ఉంటుంది. ఆ కాలంలో ఉద్యోగం లేని రోజులన్నీ కలిపి 90 దాటకూడదు. రెండు ఒప్పందాల మధ్య వచ్చే మామూలు విరామాలే ఈ 90 రోజులను మింగేయగలవు. స్టెమ్, అంటే సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం, జాబితాలో ఉన్న డిగ్రీ అయితే మరో 24 నెలల పొడిగింపు దొరుకుతుంది, ఖాళీ పరిమితి మొత్తం మీద 150 రోజులకు పెరుగుతుంది. అయితే ఆ పొడిగింపు కావాలంటే సంస్థ ఈ-వెరిఫై అనే ప్రభుత్వ వ్యవస్థలో నమోదై ఉండాలి, చిన్న స్టూడియోలు అన్నీ అలా ఉండవు. ఇక్కడే ఒక సూక్ష్మం ఉంది. యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్ చదువులకు కేటాయించిన 10.0304 అనే కోడ్ స్టెమ్ జాబితాలో ఉంది. కానీ ఒకే రకమైన కోర్సును ఒక విశ్వవిద్యాలయం ఈ కోడ్ కింద నడిపితే, మరొకటి లలితకళల కోడ్ కింద నడుపుతుంది. కోర్సు పేరు చూసి మోసపోకుండా, దరఖాస్తు చేయకముందే ప్రవేశాల విభాగానికి ఈమెయిల్ రాసి కోడ్ కనుక్కోండి. తర్వాత విశ్వవిద్యాలయం నుంచి వీసా కోసం మీకు వచ్చే ఐ-20 పత్రం మీద కూడా అది ముద్రించి ఉంటుంది.

అయినా మీ విషయంలో అమెరికాను తోసిపుచ్చలేను, ఎందుకంటే మీ రెండు చేతుల పనికి సరిపోయే చదువులు అక్కడ ఎక్కువ. డాలస్ నుంచి కారులో సుమారు మూడు గంటల దూరంలోని కాలేజ్ స్టేషన్‌లో టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం విజువలైజేషన్ అనే మాస్టర్స్ కోర్సు నడుపుతోంది. కళనూ కంప్యూటర్ సైన్స్‌నూ కలిపి నేర్పడంలో దానికి పాత పేరు ఉంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ గ్రాఫిక్స్, గేమ్ టెక్నాలజీ మాస్టర్స్ ఉంది, అది ఇంకాస్త ఇంజినీరింగ్ వైపు మొగ్గుతుంది. కాలిఫోర్నియాలోని కాల్‌ఆర్ట్స్ పేరు మీరు వినే ఉంటారు. 1961లో వాల్ట్ డిస్నీ చొరవతో ఏర్పడిన ఆ సంస్థ నుంచి మహామహులు వచ్చారన్నది నిజమే కానీ, ఏడాది ఫీజే 50 వేల డాలర్లు దాటుతుంది. పైగా అక్కడి క్యారెక్టర్ యానిమేషన్ బ్యాచిలర్స్ కోర్సు. బీటెక్ ముగించాక మళ్లీ నాలుగేళ్లు మొదటి నుంచి చదవడం మీకు అవసరం లేదని నా అభిప్రాయం. కెనడాలో ఓక్‌విల్‌లోని షెరిడాన్ కళాశాల నాలుగేళ్ల యానిమేషన్ డిగ్రీ గురించి కూడా ఇదే మాట. ఇంటర్ పూర్తయిన పిల్లలు అడిగితే అదే మొదట చెప్పేవాడిని.

కెనడా వర్క్ పర్మిట్‌లో ఉన్న సుగుణం, అది ఏ ఒక్క సంస్థకూ ముడిపడి ఉండదు. మధ్యలో మూడు నెలలు ఖాళీగా ఉన్నా పర్మిట్ పోదు. సోనీ పిక్చర్స్ ఇమేజ్‌వర్క్స్ 2014లో తన ప్రధాన కార్యాలయాన్నే లాస్ ఏంజెలెస్ ప్రాంతం నుంచి వాంకూవర్‌కు మార్చుకుంది. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే పన్ను రాయితీలు అందుకు పెద్ద కారణం. రాయితీలను నమ్ముకుని వచ్చిన పని రాయితీలతో పాటే కదిలిపోగలదని కూడా గుర్తుంచుకోవాలి. అక్కడ నాలుగు ప్రభుత్వ విద్యాసంస్థలు కలిసి నడిపే సెంటర్ ఫర్ డిజిటల్ మీడియాలో మాస్టర్స్ ఉంది. అది శుద్ధ యానిమేషన్ కాదు, బృందంగా డిజిటల్ ప్రాజెక్టులు చేయించే చదువు. కెనడాకు వెళ్లే ఒంటరి విద్యార్థి, మొదటి ఏడాది ఫీజు, ప్రయాణ ఖర్చు కాక, జీవన వ్యయానికి 22,895 కెనడా డాలర్లు చూపించాలన్నది 2025 సెప్టెంబర్ 1 నుంచి ఉన్న నిబంధన.

బ్రిటన్‌లో బోర్న్‌మత్ విశ్వవిద్యాలయంలోని నేషనల్ సెంటర్ ఫర్ కంప్యూటర్ యానిమేషన్ మీలాంటి వారికి బాగా నప్పే చోటు. మాస్టర్స్ ఒక్క ఏడాదిలో ముగుస్తుంది కనుక జీవన వ్యయమూ తగ్గుతుంది. చదువు తర్వాత ఇచ్చే గ్రాడ్యుయేట్ రూట్ వీసాలో ఖాళీ రోజుల లెక్క లేదు గానీ, ఇప్పటిదాకా రెండేళ్లుగా ఉన్న దాని గడువు 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి 18 నెలలకు తగ్గుతోంది. మీరు వెళ్లేసరికి అదే వర్తిస్తుంది. ఫ్రాన్స్‌లో గోబ్లాన్స్ పాఠశాల ఇంగ్లీషులో మాస్టర్స్ చెబుతుంది. అక్కడ పోటీ అంతా గీత బలం మీదే. జపాన్ గురించి మీ ఆశను చిన్నబుచ్చను. కానీ జపనీస్ భాషా పరీక్షలో పై నుంచి రెండోదైన ఎన్2 స్థాయి లేకుండా అక్కడి వృత్తి పాఠశాలల్లో చేరడం, చేరినా స్టూడియోలో నెగ్గుకు రావడం కష్టం. ఆ స్థాయికి సాధారణంగా రెండేళ్ల గట్టి చదువు కావాలి. మధ్య ఫ్రేములు గీసే కొత్తవారికి ఒక్కో బొమ్మకు ఇంత అని లెక్కగట్టి ఇచ్చే ఆదాయం అప్పు తీర్చగలిగేది కాదు.

మీరు ఉత్తరంలో అడగని ఒక ప్రమాదం చెప్పాలి. బొమ్మలు వేయగల విద్యార్థులకు ఆన్‌లైన్‌లో చిన్న చిన్న పనులు వస్తుంటాయి. ఒకరికి లోగో, ఒకరికి యూట్యూబ్ పరిచయ దృశ్యం, ఇంకొకరికి పెళ్లి ఆహ్వాన వీడియో. ఇంట్లో కూర్చుని చేసేదే కదా, డబ్బు హైదరాబాద్ ఖాతాలో పడుతుంది కదా అనుకుంటారు. బ్రిటన్ విద్యార్థి వీసాపై స్వయం ఉపాధి పూర్తిగా నిషిద్ధం. అమెరికాలో ఎఫ్-1 విద్యార్థి అనుమతి లేకుండా ఇలాంటి పని చేస్తే వీసా హోదానే పోగొట్టుకోవచ్చు. మన రంగంలో పిల్లలు తెలియక చేసే తప్పుల్లో ఇది అన్నిటికంటే సామాన్యమైనది. అలాంటి పనులు ఇష్టమైతే వెళ్లకముందే ఇక్కడ చేసి, వాటిని రీల్‌లో కలుపుకోండి.

వెళ్లకముందు అన్నాను కనుక కాలం సంగతి కూడా చెబుతాను. వచ్చే ఏడాది మీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టును అందరిలా ఏదో ఒక వెబ్‌సైట్‌తో ముగించకుండా, గుడ్డ కదలికను లెక్కగట్టే సిమ్యులేషన్ గానీ, రిగ్గింగ్ పనిని సులువు చేసే పైథాన్ పనిముట్టు గానీ ఎంచుకోండి. విద్యార్థులకు మాయా ఉచితంగా దొరుకుతుంది, హుడినికి కూడా నేర్చుకునేవారి ఉచిత రూపం ఉంది. బీటెక్ ముగిశాక ఒక ఏడాది హైదరాబాద్‌లో ఏదైనా స్టూడియోలో పనిచేయండి. జీతం తక్కువగానే ఉంటుంది, కానీ గడువు తరుముతుంటే రాత్రి పదకొండు గంటలకు కూడా ఈ పని మీకు నచ్చుతుందో లేదో అక్కడ తేలిపోతుంది. దరఖాస్తుకు జతచేయడానికి పని తెలిసినవారి సిఫార్సు లేఖ కూడా దొరుకుతుంది. ఛోటా భీమ్‌ను సృష్టించిన రాజీవ్ చిలక కూడా కంప్యూటర్ సైన్స్‌లో ఎంఎస్ కోసం అమెరికా వెళ్లి, ఆ తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోలో యానిమేషన్ చదువుకుని, 2001లో హైదరాబాద్‌లో గ్రీన్ గోల్డ్ సంస్థను స్థాపించారు. భీమ్ తెరకెక్కింది 2008లో. ఈ రంగంలో ఒక ఏడాది ఆలస్యం ఆలస్యమే కాదు.

చివరిగా డబ్బు. 35 లక్షలను 10.5 శాతం వడ్డీకి పదేళ్ల గడువుతో తీసుకుంటే నెల వాయిదా సుమారు 47 వేలు అవుతుంది. చదువుకునే కాలంలో వడ్డీ మాత్రమే కట్టినా నెలకు 30 వేలు దాటుతుంది, అది మీ నాన్నగారి జీతంలోంచే రావాలి. విదేశంలో ఉద్యోగం నిలిస్తే ఈ వాయిదా మోయదగ్గదే. ఖాళీ నెలల్లోనూ, తిరిగివచ్చి హైదరాబాద్‌లో కొత్తవారి జీతానికి చేరవలసి వస్తేనూ మోయలేనిది. అందువల్ల ఇంట్లో అందరూ కూర్చుని, మీరు ఉద్యోగం లేకుండా తిరిగివచ్చిన పక్షంలో ఎంత అప్పు తీర్చగలరో ఆ మొత్తాన్ని ముందు కాగితం మీద రాసుకోండి. దానికి మించిన చదువు ఎంత గొప్పదైనా మీది కాదు. తెలంగాణ ప్రభుత్వ విదేశీ విద్యానిధి పథకాలకు కుటుంబ ఆదాయ పరిమితి ఉంది. ప్రభుత్వ ఉపాధ్యాయుల జీతం దాన్ని దాటిపోయే అవకాశమే ఎక్కువ కనుక దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ఖర్చు తగ్గించే మార్గం ఒకటి మాత్రం ఉంది, అది టెక్సస్‌కు సంబంధించినది. ఆ రాష్ట్రంలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో పోటీ ద్వారా ఇచ్చే స్కాలర్‌షిప్ కనీసం 1,000 డాలర్లు లభించిన విద్యార్థికి, విదేశీయులైనా సరే, స్థానికులకు వేసే ఫీజు వర్తింపజేసే వీలు చట్టంలోనే ఉంది. బోధనలోనో పరిశోధనలోనో సహాయకులుగా తీసుకున్నవారికీ అలాంటి వెసులుబాటు ఉంటుంది. వెయ్యి డాలర్ల బహుమతి అనేక వేల డాలర్ల ఫీజును తగ్గిస్తుందన్నమాట. ప్రోగ్రామింగ్ తెలిసిన విద్యార్థికి ఈ అవకాశాలు ఒట్టి బొమ్మలు వేసేవారి కంటే ఎక్కువ. దరఖాస్తులు సాధారణంగా డిసెంబర్, జనవరి నెలల్లో ముగుస్తాయి, ఆర్థిక సహాయం గురించిన లేఖలు ఏప్రిల్‌లోపు వస్తాయి. నాన్నగారికి నా మాటగా చెప్పండి, ఆ లేఖ చేతికి వచ్చి, అందులోని అంకె మీరు కాగితం మీద రాసుకున్న అంకెతో పోల్చి చూసేదాకా 200 గజాల పత్రాలు బీరువాలోనే ఉండనివ్వమని.